గొంతుకు ఆపరేషనా, సైనస్‌కు ఆపరేషనా?

ప్రశ్న: పల్నాడు జిల్లాలోని ఓ పట్టణం నుంచి 37 ఏళ్ల టీచరమ్మ రాసిన ఉత్తరమిది. ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెబుతారు. రోజుకు ఏడు పీరియడ్లు, క్లాసుకు యాభై మందికి పైగా పిల్లలు. పైన రేకులు, పక్క సెక్షనుకు మధ్య సగం గోడే. దసరా సెలవుల్లో జలుబు చేసింది. జలుబు పోయింది గానీ గొంతు మాత్రం ఐదు నెలలుగా బొంగురుగానే ఉంది. సోమవారం పొద్దున కాస్త బాగుంటుంది, గురువారానికి మాట పెగలదు. ఇదివరకు గుళ్లో పాటలు పాడేవారు. ఇప్పుడు పై స్థాయి అసలు పలకడం లేదు. దీనికి తోడు ముక్కు దిబ్బడ, గొంతులోకి గళ్ల జారుతున్నట్టు ఉండటం, లేవగానే తల బరువు.

మొదటి డాక్టరు మూడుసార్లు యాంటీబయాటిక్స్, వాటితో పాటు గ్యాస్ మాత్రలు రాశారు. రెండో డాక్టరు గొంతులోకి కెమెరా పెట్టి చూసి, 'రెండు వైపులా నాడ్యూల్స్ ఉన్నాయి, తీసేద్దాం' అన్నారు. మూడో చోట సీటీ తీయించారు. ముక్కు దూలం ఎడమకు వంకర అనీ, బుగ్గల వెనక సైనస్‌లలో పొర కాస్త మందంగా ఉందనీ రిపోర్టు వచ్చింది. సైనస్ ఆపరేషన్ చేయించుకుంటే గొంతు కూడా అదే బాగవుతుందని అక్కడ చెప్పారు. అత్తగారు మిరియాల కషాయం తాగి నెల రోజులు మౌనంగా ఉండమంటున్నారు. భర్త ఉద్యోగమే మానేయమంటున్నారు. 'నా జీతం లేకపోతే ఇంటి లోను కట్టలేం. ఏ ఆపరేషన్ ముందు చేయించుకోవాలి?' అన్నది ఆమె ప్రశ్న. చివర్లో ఇంకో మాట రాశారు: నాలుగేళ్ల బాబుకు ఆరు నెలలుగా నత్తి వస్తోంది. ఇంట్లో వసకొమ్ము అరగదీసి నాకిస్తున్నారు. 'నా గొంతు విని వాడు అలా నేర్చుకున్నాడా?' అని అడిగారు.

సమాధానం: మీరు రాసిన దాన్ని బట్టి ఈ రెండు ఆపరేషన్లలో ఏదీ వెంటనే చేయించుకోవాల్సినది కాదు. మీకున్నవి రెండు వేర్వేరు ఇబ్బందులు, గొంతుది ఒకటి, ముక్కుది ఒకటి. ఒకదాన్ని బాగుచేస్తే రెండోది దానంతట అదే సర్దుకుంటుందనే ఆశే మిమ్మల్ని ముగ్గురు డాక్టర్ల చుట్టూ తిప్పింది. రెండింటినీ విడదీసి చూద్దాం.

సోమవారం బాగుండి గురువారానికి గొంతు పోతోందన్నారు. ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన వాక్యం అది. సైనస్‌కు ఆదివారం సెలవని తెలియదు. సెలవు రోజున కోలుకుని, పని రోజుల్లో చెడేది స్వరతంత్రుల (స్వరపేటికలో మోగే రెండు మడతల) మీద పడే భారం వల్లే. ఆడవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు దాదాపు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. గొంతు ఒక గంటసేపు నిజంగా మోగితే ఏడు లక్షల సార్లకు పైనే. సగం గోడ అవతలి గోలను మించి అరిస్తే ప్రతి తాకిడీ మరింత గట్టిగా పడుతుంది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలేది తంత్రుల ముందు మూడో వంతు, మధ్య మూడో వంతు కలిసే చోట. రోకలి పట్టే అరచేతిలో కాయలు కాసినట్టే అక్కడ రెండు వైపులా ఎదురెదురుగా చిన్న బుడిపెలు లేస్తాయి. అవే నాడ్యూల్స్. అవి అడ్డం ఉండటంతో తంత్రులు పూర్తిగా మూసుకోవు, సందులోంచి గాలి పోతుంది, గొంతు బొంగురుపోతుంది. పై స్థాయి ముందు పోవడానికీ కారణం ఇదే. పై స్వరానికి తంత్రులు సన్నగా సాగి అంచులు చక్కగా కలవాలి.

నాడ్యూల్స్ క్యాన్సర్ కావు, క్యాన్సర్‌గా మారవు. ఆ భయం ఉంటే తీసేయండి. అయితే చూసినవి నిజంగా నాడ్యూల్సేనా అన్నది ఒకసారి గట్టిగా తేల్చుకోవాలి. గొంతు బొంగురుపోయి నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే స్వరపేటికను కళ్లతో చూడాల్సిందే, చూడకుండా మందులు మారుస్తూ పోకూడదు. మీ విషయంలో ఆ చూడటం మూడు యాంటీబయాటిక్ కోర్సుల తర్వాత గానీ జరగలేదు. చీము గానీ జ్వరం గానీ లేని బొంగురు గొంతుకు యాంటీబయాటిక్స్‌తో పనే లేదు.

ఈసారి వీడియో స్ట్రోబోస్కోపీ ఉన్న చోటికి వెళ్లండి. మామూలు కెమెరా తంత్రుల ఆకారాన్ని చూపిస్తుంది, సెకనుకు 200 సార్లు కదిలేదాన్ని పట్టుకోలేదు. స్ట్రోబ్‌లో దీపం గొంతు మోగే వేగానికి కాస్త తేడాగా వెలిగి ఆరుతుంటుంది కాబట్టి కదలిక నెమ్మదిగా అలలా కనిపిస్తుంది. నొప్పి ఉండదు. ముక్కులో, గొంతులో మత్తు స్ప్రే కొడతారు, నోటి నుంచో ముక్కు నుంచో గొట్టం పెట్టి 'ఈ...' అనమంటారు. అయిదు పది నిమిషాల పని. స్ప్రే మత్తు దిగేదాకా, సుమారు గంటసేపు, ఏమీ తినకండి, తాగకండి, పొరబోతుంది. వీడియో కాపీ అడిగి తీసుకోండి. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ తీసినప్పుడు పోల్చడానికి అదే ఆధారం.

డాక్టరును మూడు విషయాలు అడగండి. బుడిపెలు రెండు వైపులా సమానంగా ఉన్నాయా? అల ఆగకుండా సాగుతోందా? రెండు తంత్రులూ సరిగ్గా కదులుతున్నాయా? బుడిపె ఒకవైపే ఉంటే అది పాలిప్ (మెత్తటి కండ) గానీ నీటితిత్తి గానీ కావచ్చు, దానికి దారి వేరు. అల ఒక చోట ఆగిపోతున్నా, తెల్లమచ్చ ఉన్నా బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) గురించి మాట్లాడాలి. ఒక తంత్రి కదలకపోతే మెడ, ఛాతీ పరీక్షించాలి, ఎందుకంటే ఎడమ తంత్రి నరం గుండె దగ్గరి పెద్ద ధమని కింద నుంచి తిరిగి పైకొస్తుంది. మింగితే నొప్పి, గళ్లలో రక్తం, మెడలో గడ్డ, ఊపిరాడకపోవడం, వీటిలో ఏదున్నా నాలుగు వారాలు కూడా ఆగకూడదు. పొగతాగేవాళ్ల సంగతీ అంతే.

నాడ్యూల్సే అని ఖాయమైతే మీ ముందు రెండు దారులున్నాయి.

ఒకటి, రెండో డాక్టరు చెప్పిన ఆపరేషన్. పూర్తి మత్తిచ్చి, నోటి గుండానే మైక్రోస్కోపు కింద బుడిపెలు తీసేస్తారు. బయట కోత ఉండదు. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికెళ్తారు. తర్వాత కొన్ని రోజుల నుంచి వారం దాకా పూర్తిగా మాట్లాడకూడదు, ఆపైన కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి, క్లాసులకు వెళ్లడానికి వారాలు పడుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, బుడిపె పోయినా దాన్ని పుట్టించిన అలవాటు, రేకుల షెడ్డు, సగం గోడ అన్నీ అలాగే ఉంటాయి. అవే మళ్లీ బుడిపెను తెస్తాయి. తీసేటప్పుడు తంత్రి లోపలి పొరకు మచ్చ పడితే ఆ బొంగురు శాశ్వతంగా ఉండిపోయే ప్రమాదమూ ఉంది. తక్కువే, కానీ ఉంది.

రెండోది వాయిస్ థెరపీ. నాడ్యూల్స్‌కు మొదట ఇదే చేస్తారు. వారానికోసారి చొప్పున ఆరు నుంచి ఎనిమిది సార్లు, మధ్యలో ఇంటి దగ్గర రోజూ సాధన, మొత్తం రెండు మూడు నెలలు. చాలామందికి బుడిపెలు చిన్నవవుతాయి, కొందరికి పూర్తిగా పోతాయి. కొందరికి అవి మిగిలినా గొంతు పనికొచ్చే స్థితికి వస్తుంది, అప్పుడు వాటిని ముట్టుకోనక్కర్లేదు. శ్రద్ధగా మూడు నెలలు చేసినా గొంతు రాకపోతే, బుడిపెలు గట్టిపడ్డాయని స్ట్రోబ్‌లో కనిపిస్తే, అప్పుడు ఆపరేషన్ సరైన నిర్ణయం. అప్పటికి గొంతు వాడే పద్ధతి మారి ఉంటుంది కాబట్టి ఫలితమూ నిలుస్తుంది. అంటే థెరపీ ముందు పెట్టుకుంటే మీరు ఏదీ పోగొట్టుకోరు, ఆపరేషన్ ముందు పెట్టుకుంటే పోగొట్టుకునేది ఉండొచ్చు.

థెరపీ చేసేది స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టు. ఆ చదువు బీఏఎస్‌ఎల్‌పీ లేదా ఎంఏఎస్‌ఎల్‌పీ. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. అందులోనూ గొంతు సమస్యలు చూసే అనుభవం ఉందా అని తెలుసుకోండి, చాలామంది ఎక్కువగా చూసేది పిల్లల మాటలనే. హైదరాబాద్ కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి, విశాఖలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఇంకా దూరమైనా ఫర్వాలేదంటే మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, ఇవి అడిగి చూడదగ్గ చోట్లు. మీకు దగ్గర గుంటూరు కాబట్టి ముందు అక్కడి ప్రభుత్వ ఆస్పత్రి ఈఎన్‌టీ విభాగంలో కనుక్కోండి. మొదటి రెండు మూడు సార్లు ఎదురుగా కూర్చుని నేర్చుకుంటే మిగతాది వీడియో కాల్‌లోనూ నడుస్తుంది.

ఆ లోపు మీరు మొదలుపెట్టగలిగేది ఒకటుంది. గ్లాసులో సగం నీళ్లు పోసి, మామూలు స్ట్రా కొన రెండు సెంటీమీటర్ల లోతున ఉంచండి. పెదాలు స్ట్రా చుట్టూ మూసి, తేలిగ్గా 'ఊ...' అంటూ బుడగలు రానివ్వండి. రెండు నిమిషాలు ఒకే స్థాయిలో, తర్వాత రెండు నిమిషాలు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. మొదటి పీరియడుకు ముందు, భోజనం వేళ, స్కూలు అయ్యాక, ఇలా రోజుకు నాలుగైదుసార్లు. స్ట్రాలోని ఎదురు ఒత్తిడి వల్ల తంత్రులు ఒకదాన్నొకటి బలంగా కొట్టుకోకుండానే మోగుతాయి. ఇక్కడ అందరూ చేసే తప్పు గొంతు కలపకుండా ఉత్త గాలి ఊదడం. గొంతు మీద వేళ్లు పెట్టుకుంటే అదురు తెలియాలి. మెడ నరాలు ఉబ్బుతున్నా, భుజాలు లేస్తున్నా బలం ఎక్కువైందని అర్థం. స్ట్రాను కొంచెం పైకి తీయండి.

అత్తగారి మౌనం సలహాలో సగం నిజముంది. గొంతు పూర్తిగా పోయిన రోజున, గట్టిగా అరిచిన మర్నాడు, ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవడం మంచిదే. నెల రోజుల మౌనం మాత్రం నాడ్యూల్స్‌ను నయం చేయదు. నెల తర్వాత అదే అరుపుతో అదే క్లాసులోకి వెళ్తారు కదా. మౌనంలో గుసగుసలాడటం కూడా తేలికేమీ కాదు, బిగబట్టి చేసే గుసగుసతో చాలామందికి స్వరపేటిక ఇంకా బిగుసుకుంటుంది. మిరియాల కషాయం స్వరతంత్రుల దాకా వెళ్లదు. మింగేటప్పుడు అవి మూసుకుపోతాయి, లేకపోతే పొరబోతుంది. గోరువెచ్చగా తాగితే హాయిగా ఉంటుంది, మంట పుట్టేంత ఘాటుగా వద్దు. ఆ హాయికి మంచినీళ్లూ చాలు. క్లాసులో సీసా పెట్టుకుని పీరియడుకు రెండు మూడుసార్లు గుటక వేయండి.

ఒక అలవాటు మాత్రం ఇవాళే మానాలి. అది గొంతు సవరించుకోవడం. గళ్ల జారుతోందన్నారు కాబట్టి రోజుకు యాభై అరవై సార్లు 'ఖ్మ్' అంటూనే ఉండి ఉంటారు. ప్రతిసారీ తంత్రులు ఢీకొని వాచి, ఆ వాపే మళ్లీ అక్కడేదో అడ్డం ఉన్నట్టు అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడు ఒక గుటక నీళ్లు మింగండి, లేదా నోట్లోని ఉమ్మినే గట్టిగా మింగండి.

క్లాసు సంగతి. నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు, తలకు పెట్టుకునే మైకు కలిపి రెండు మూడు వేలలో దొరుకుతాయి. ప్రపంచమంతటా టీచర్ల గొంతుకు ఉపకరించినట్టు తేలిన ఉపాయాల్లో ఇదొకటి, మన స్కూళ్లలో ఎందుకో దీన్ని నామోషీగా చూస్తారు. మైకు పెట్టుకుని కూడా అరిస్తే లాభం లేదు. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడే స్థాయిలోనే మాట్లాడి, మిగతాది స్పీకరుకు వదలండి. క్లాసును నిశ్శబ్దం చేయడానికి గొంతు వాడకండి. చప్పట్లు, గంట, బల్ల మీద స్కేలు, ఏదైనా సరే. వరుసగా మూడు పీరియడ్లు రాకుండా టైంటేబుల్ మార్చమని డాక్టరు చీటీతో సహా హెడ్‌మాస్టరుకు రాసివ్వండి. నోటి మాటకన్నా కాగితానికి బరువెక్కువ.

గ్యాస్ మాత్రల గురించి రెండు మాటలు. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు మీకు లేకపోతే అవి గొంతుకు పెద్దగా చేసేదేమీ లేదు. గొంతులో ఏదో ఉన్నట్టుండి తగ్గని వాళ్ల మీద బ్రిటన్‌లో జరిగి 2021లో వెలువడిన పరీక్షలో, లాన్సోప్రజోల్ అనే గ్యాస్ మందు 30 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు పదహారు వారాలు వాడినా, మందు లేని ఉత్త మాత్రకన్నా మెరుగ్గా పనిచేయలేదు. మంట ఉంటే సంగతి వేరు, ఆ మాట డాక్టరుతో చెప్పి నిర్ణయించుకోండి.

ఇక ముక్కు. దీర్ఘకాల సైనసైటిస్ అనాలంటే పన్నెండు వారాలకు పైగా ముక్కు దిబ్బడ, చిక్కటి చీమిడి (ముందుకు గానీ గొంతులోకి గానీ), ముఖంలో నొప్పి లేదా బరువు, వాసన తగ్గడం, ఈ నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. వాటిలో ఒకటి దిబ్బడో చీమిడో అయి ఉండాలి. పైగా ఎండోస్కోపీలో (ముక్కులోకి కెమెరా పెట్టి చూడటంలో) గానీ సీటీలో గానీ దానికి తగ్గ ఆధారం కనిపించాలి. మీ లక్షణాలు దీనికి దగ్గరగానే ఉన్నాయి. కానీ సీటీలో 'పొర కాస్త మందం' అన్న మాట ఏ ఇబ్బందీ లేనివాళ్లలోనూ తరచూ కనిపిస్తుంది, జలుబు తర్వాత వారాల పాటు ఉంటుంది. దూలం తిన్నగా ఉన్నవాళ్లను వెతకడమే కష్టం. ఆపరేషన్ చేయాల్సింది సీటీ ఫిల్ముకు కాదు. మందులు సరిగ్గా వాడిన తర్వాత కూడా మనిషికి బాధ మిగిలితేనే ఆ మాట వస్తుంది. మీరింకా వాడనే లేదు.

సరిగ్గా వాడటమంటే రెండు పనులు, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. మొదటిది ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం. అర లీటరు నీళ్లు మరగనిచ్చి చల్లార్చి, అందులో అయోడిన్ లేని ఉప్పు ముప్పావు టీస్పూను, వంటసోడా పావు టీస్పూను కలపండి. మందుల షాపులో దొరికే పొట్లాలైతే కొలతల గొడవ ఉండదు. నీళ్లు మరగబెట్టడంలో మాత్రం రాజీ వద్దు. పచ్చి నీళ్లలో ఉండే నేగ్లేరియా అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది, కేరళలో ఈ మధ్య వచ్చిన కేసులు పేపర్లో చదివే ఉంటారు. సింకు మీదకు వంగి, నోరు తెరిచి, 'కకక' అంటూ సీసాను మెల్లగా నొక్కితే ఒక ముక్కులో పోసింది రెండో దాంట్లోంచి వస్తుంది. వైపుకు దాదాపు 120 మిల్లీలీటర్లు. గట్టిగా నొక్కినా, వెంటనే బలంగా చీదినా నీళ్లు చెవివైపు వెళ్లి నొప్పి చేస్తుంది. కలిపిన నీళ్లు మర్నాటికి ఉంచకండి. సీసాను రోజూ వేడి నీళ్లతో కడిగి ఆరబెట్టండి.

రెండోది, కడుక్కున్న పావుగంటకు డాక్టరు రాసిచ్చే స్టెరాయిడ్ స్ప్రే, మామూలుగా మొమెటాసోనో ఫ్లూటికాసోనో. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో పట్టుకోండి. అప్పుడు కొన దూలం వైపు కాకుండా బయటి గోడవైపు, కంటి మూల దిశగా తిరుగుతుంది. దూలం మీద కొడితే ఎండి రక్తం కారుతుంది. కొట్టాక గట్టిగా పీల్చకండి, మందంతా గొంతులోకి పోతుంది. రెండు వారాల దాకా తేడా తెలియకపోవచ్చు, అందరూ ఆపేసేది అప్పుడే. వెంటనే దిబ్బడ తీసే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు ఇవి కావు. వాటిని మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే ముక్కు వాటికి అలవాటు పడి ఇంకా దిబ్బడేస్తుంది. నిద్రమత్తు తెచ్చే పాత జలుబు మాత్రలూ జాగ్రత్త, గొంతును ఎండబెడతాయి.

పన్నెండు వారాల తర్వాత కూడా దిబ్బడ, చీమిడి అలాగే ఉంటే, ఎండోస్కోపీలో పాలిప్స్ గానీ చీము గానీ కనిపిస్తే, మూడో డాక్టరు చెప్పిన ఆపరేషన్ ఆలోచించదగ్గదే. మంచి చేతుల్లో బాగా పనిచేస్తుంది. కంటి గూటికీ మెదడు పొరకూ పక్కనే చేసే పని కాబట్టి అరుదుగా అక్కడ దెబ్బ తగిలే ప్రమాదం ఉంది, ఆ మాట ముందే అడగండి. ఆపరేషన్ తర్వాతా కడగడం, స్ప్రే తప్పవు. ఒకవైపే దుర్వాసనతో చీమిడి వస్తుంటే ముందు పై దవడ పళ్లు చూపించాలి, తర్వాత ఫంగస్ సంగతి. గొంతు కోసమే అయితే ఈ ఆపరేషన్ వద్దు. ముక్కు తెరుచుకుంటే నోటితో ఊపిరి పీల్చడం, గొంతు సవరించుకోవడం తగ్గి కొంత మేలు జరగొచ్చు. నాడ్యూల్స్ మాత్రం అక్కడే ఉంటాయి.

ఉద్యోగం మానేస్తే గొంతు తేరుకుంటుంది, నిజమే. కానీ ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకోనక్కర్లేదు. థెరపీ మూడు నెలలను ఏప్రిల్ చివర మొదలయ్యే వేసవి సెలవులతో కలిసేలా చూసుకోండి. సగం కాలం విశ్రాంతి ఖర్చు లేకుండా వస్తుంది. జూన్‌లో మైకుతో వెళ్లి చూడండి. ఆగస్టుకు కూడా గురువారం గొంతు పోతుంటే, అప్పుడు తక్కువ పీరియడ్లో, చిన్న క్లాసులో, వేరే పనో మాట్లాడుకోవచ్చు. మీ వారికి ఈ లెక్క చెప్పండి.

బాబు సంగతి మీరు చివర్లో రాసినా, ఆలస్యం చేయకూడనిది అదే. నత్తి మీ బొంగురు గొంతు విని రాలేదు, అనుకరణతో రాదు, భయంతోనూ రాదు. మాటలు జోరందుకునే రెండు నుంచి ఐదేళ్ల మధ్య కొందరు పిల్లల్లో మొదలై, వాళ్లలో ఎక్కువమందికి తగ్గిపోతుంది. మగపిల్లలు, ఇంట్లో ఇంకెవరికైనా నత్తి ఉన్నవాళ్లు, మూడున్నరేళ్లు దాటాక మొదలైనవాళ్లలో నిలిచిపోయే అవకాశం ఎక్కువ. మీవాడికి ఆరు నెలలైంది కాబట్టి 'పెద్దయితే అదే పోతుంది' అని ఆగకుండా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. వస ఆపేయండి. అందులోని బీటా అసరోన్ వల్ల అమెరికాలో 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించారు. ఎక్కువైతే పిల్లలకు వాంతులు పట్టుకుంటాయి, నత్తికి చేసే మేలేమీ లేదు. నాలుక కింద తీగ కోయించినా నత్తి పోదు. 'నెమ్మదిగా చెప్పు', 'మళ్లీ చెప్పు' అనకుండా, వాడి మాట మీరు పూర్తి చేయకుండా, మీరే కాస్త నిదానంగా మాట్లాడుతూ చివరిదాకా వినండి. థెరపిస్టు ఎదుట పిల్లలు తరచూ చక్కగా మాట్లాడేస్తారు కాబట్టి, ఇంట్లో ఆడుకుంటూ మాట్లాడుతున్నప్పుడు వాడికి తెలియకుండా రెండు మూడు నిమిషాల వీడియోలు తీసుకుని వెళ్లండి.